తలకు దెబ్బ: రక్త పరీక్ష ఎంతవరకు చెబుతుంది?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. బైకు జారి పడ్డాడు. హెల్మెట్ ఉన్నా రెండు నిమిషాలు స్పృహ తప్పింది. సీటీ నార్మల్ అన్నారు. వారం దాటినా తలనొప్పి, మతిమరుపు, వెలుతురు చూస్తే చిరాకు. స్కాన్‌లో ఏమీ లేనప్పుడు ఇవన్నీ ఎందుకు? రక్త పరీక్ష చేయిస్తే తెలుస్తుందా?
— ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అత్యవసరంలో సీటీ తీసేది ముఖ్యంగా రక్తం గడ్డకట్టిందా, ఎముక చిట్లిందా, మెదడు వాచిందా అని చూడటానికి. మీ అబ్బాయి విషయంలో ఆపరేషన్ అవసరమయ్యే ప్రమాదం కనిపించలేదని దాని అర్థం. కణాల స్థాయిలో జరిగేది సీటీకి అందదు.

తల ఒక్కసారిగా తిరిగి ఆగినప్పుడు నాడీకణాల నుంచి సాగే సన్నటి తీగలు, అంటే ఆక్సాన్లు, లాగినట్టు సాగుతాయి. వాటి పొరలోంచి సోడియం, కాల్షియం లోపలికి చొరబడతాయి. కాల్షియం పెరిగితే కాల్పెయిన్ అనే ఎంజైమ్ మేల్కొని ఆక్సాన్ లోపలి చట్రాన్ని కోసేస్తుంది. పట్టా దెబ్బతిన్న చోట గూడ్సు బండ్లు నిలిచిపోయినట్టు, సరఫరా అయ్యే ప్రోటీన్లు అక్కడే పోగుపడతాయి. చాలా ఆక్సాన్లు దెబ్బ తగిలిన క్షణంలో తెగవు, కొన్ని గంటల తర్వాత తెగుతాయి. ఇంకోవైపు, బయటికి పోయిన పొటాషియాన్ని తిరిగి లోపలికి తేవడానికి కణాలు శక్తినంతా ఖర్చుపెడతాయి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్త ప్రవాహం తగ్గుతుంది. మీవాడి అలసట, మతిమరుపులకు ఈ శక్తి లోటు ఒక ముఖ్య కారణం. ఇది తీరకముందే మరో దెబ్బ తగిలితే నష్టం ఎక్కువ. అందుకే లక్షణాలు పోయేదాకా బైకు, క్రికెట్, మద్యం వద్దు. అలాగని చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడమూ మంచిది కాదు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు. తర్వాత తలనొప్పి బాగా పెరగనంత మేరకు నడక, కొద్దికొద్దిగా చదువు మొదలుపెట్టించండి.

వారం తర్వాత రక్త పరీక్షతో పెద్ద ప్రయోజనం లేదు. మొదటి రోజునైతే ఉండేది. అమెరికాలో సీటీ నార్మల్ వచ్చిన 450 మందికి ఎమ్మారై తీసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 120 మందికి మెదడులో గాయం కనిపించింది. వాళ్ల రక్తంలో జీఎఫ్ఏపీ (మెదడు కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్) ఎక్కువగా ఉంది. లక్షణాలు తగ్గకపోతే ఇప్పుడు న్యూరాలజిస్టును కలిసి ఎమ్మారై గురించి అడగండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న మగత, ఒక కాలో చెయ్యో బలహీనపడటం, ఫిట్స్ కనిపిస్తే ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1, ఎస్100బీ, ఎన్ఎస్ఈ... వీటిలో దేన్ని నమ్మాలి? శాంపిల్ ఎప్పుడు తీయాలి?
— తెనాలి

జవాబు: ఏ మార్కరైనా (దెబ్బ జాడ చెప్పే ప్రోటీన్) దెబ్బ తగిలి ఎన్ని గంటలైందో తెలియకపోతే అంకెకు అర్థం ఉండదు. రిక్వెస్టు ఫారం మీద దెబ్బ తగిలిన సమయం, రక్తం తీసిన సమయం రెండూ రాయించండి. జీఎఫ్ఏపీ మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలది. దెబ్బ తగిలిన గంటలోపే కనిపించి, సుమారు 20 గంటలకు శిఖరం చేరి, కొన్ని రోజులు నిలుస్తుంది. యూసీహెచ్-ఎల్1 నాడీకణాలది. 8 గంటలకే శిఖరం చేరి, 48 గంటల్లో బాగా పడిపోతుంది. ఈ రెండూ కలిపిన మొదటి పరీక్షకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చింది. అందులో కటాఫ్ (పాజిటివ్ అనడానికి హద్దు) జీఎఫ్ఏపీకి మిల్లీలీటరుకు 22, యూసీహెచ్-ఎల్1కి 327 పికోగ్రాములు. 2021లో వచ్చిన అబాట్ ఐ-స్టాట్ ప్లాస్మా పరీక్షలో అవి వరుసగా 30, 360. ఒక యంత్రం కటాఫ్‌ను ఇంకో యంత్రం ఫలితానికి పెట్టకండి.

ఈ పరీక్ష పని సీటీ అక్కర్లేదని చెప్పడం. పెద్దవాళ్లలో, గ్లాస్గో స్కోరు (స్పృహ స్థాయిని కొలిచే అంకె, గరిష్ఠం 15) 13 నుంచి 15 ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది. 2018 అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 671 మందికి నెగెటివ్ వస్తే ముగ్గురికే సీటీలో గాయం కనబడింది. పాజిటివ్ వచ్చిన 1,288 మందిలో మాత్రం పది శాతం కంటే తక్కువ మందికే సీటీలో గాయం కనబడింది. పాజిటివ్ రిపోర్టు చూసి బంధువులు హడలిపోతారు. అది ‘స్కాన్ తీయండి’ అనే సూచన అంతే.

ఎస్100బీ కొవ్వులోనూ మృదులాస్థిలోనూ ఉంటుంది. తొడ ఎముక విరిగినవాడికీ పెరుగుతుంది. స్కాండినేవియా మార్గదర్శకాలు దాన్ని 6 గంటలలోపు, లీటరుకు 0.10 మైక్రోగ్రాముల కటాఫ్‌తోనే వాడతాయి. ఎన్ఎస్ఈ ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటుంది. శాంపిల్ కాస్త హీమోలైజ్ అయినా, అంటే ఎర్రకణాలు పగిలినా, లెక్క తప్పుతుంది. సీరం గులాబీ రంగులో కనిపిస్తే పారేసి మళ్లీ తీయండి.

ప్రశ్న: మా నాన్నగారికి 74. గుండెకు రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటారు. నెల క్రితం బాత్రూములో తలకు చిన్న దెబ్బ. ఇప్పుడు నడక తూలుతోంది.
— హనుమకొండ

జవాబు: ఈరోజే సీటీ తీయించండి. వయసుతో మెదడు కుంచించుకుపోయి, పైపొరకు కలిపే సిరలు సాగి ఉంటాయి. అవి చిన్న దెబ్బకే చిరిగి వారాల తరబడి మెల్లగా కారతాయి. దీన్నే క్రానిక్ సబ్‌డ్యూరల్ అంటారు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తే చాలామంది కోలుకుంటారు. మాత్ర మీరే ఆపకండి, డాక్టరుకు దాని పేరు చెప్పండి. ఈ దశలో మార్కర్ల పరీక్ష దండగ.

ప్రశ్న: దెబ్బకు మెదడు వాస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారట, నిజమేనా?
— ఒంగోలు

జవాబు: ఒకప్పుడు ఇచ్చేవారు. ట్యూమరు చుట్టూ వచ్చే వాపుకు అవి బాగా పనిచేస్తాయి కాబట్టి దెబ్బ వల్ల వచ్చే వాపుకూ పనిచేస్తాయనుకున్నారు. దెబ్బ తర్వాతి వాపులో చాలా భాగం కణాల లోపలికి నీరు చేరడం వల్ల వస్తుంది. దాని తీరు వేరు. పది వేల మందికి పైగా పాల్గొన్న క్రాష్ ట్రయల్ 2004లో తేల్చిందేమంటే, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవారిలో రెండు వారాల్లోపు మరణాలు 21.1 శాతం, తీసుకోనివారిలో 17.9 శాతం. తలదెబ్బ కేసు చీటీలో స్టెరాయిడ్ కనిపిస్తే, అది దేనికోసమో డాక్టరును అడగండి.