నెట్ ఉందా అని అడక్కండి, బిల్లు పంపి చూడండి

ప్రశ్న: మాది విడవలూరు మండలం. రొయ్యలు కొనే ఒక వ్యాపారి దగ్గర పనిచేస్తూ, వాళ్ల కోసం సి షార్ప్‌లో బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. చెరువు గట్టు మీద కాటా వేసి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), బరువు, రేటు ల్యాప్‌టాప్‌లో కొడితే బిల్లు నెల్లూరు ఆఫీసులో ఉన్న సర్వర్‌కి వెళ్లాలి. పంపే ముందు ‘గెట్ ఈజ్ నెట్‌వర్క్ అవైలబుల్’ ఫంక్షన్‌తో నెట్ ఉందో లేదో చూస్తున్నాను. అది ఉందనే చెబుతోంది, బిల్లు మాత్రం పోవడం లేదు. ఒక్కోసారి ఒకే బిల్లు రెండుసార్లు పడుతోంది. గూగుల్‌కి పింగ్ కొట్టి (చిన్న సందేశం పంపి, జవాబు వస్తుందేమో) చూడమని స్నేహితుడు అంటున్నాడు. ఏది సరైన పద్ధతి సార్?

జవాబు: నేను నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లులకి కాటా బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను. మీ టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది. రొయ్యల పట్టుబడి రోజున లారీలో ఐసు కరిగిపోతుంటుంది, రైతు చీటీ కోసం నిలబడి ఉంటాడు. అప్పుడు ప్రోగ్రాం మొరాయిస్తే మాట పడేది మీరే.

ముందు ఆ ఫంక్షన్ సంగతి. కంప్యూటర్‌లో ఏదో ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్, అంటే వైఫై లాంటి అడాప్టర్, పనిచేసే స్థితిలో ఉంటే చాలు, అది ‘ట్రూ’ అనేస్తుంది. మీ ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిసి ఉంది కదా, ఫోన్‌లో డేటా ఆగిపోయినా దానికి ట్రూనే. కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ లాంటిది ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఆ ఉత్తుత్తి అడాప్టర్‌ని చూసి కూడా ట్రూ అనొచ్చు. కాలువ తవ్వి ఉందని చెప్పడం వరకే దాని పని. నీళ్లు వస్తున్నాయో లేదో దానికి తెలియదు.

పింగ్ కూడా మీకు పనికిరాదు. కొన్ని ఆఫీసు నెట్‌వర్కుల్లో పింగ్‌ని ఆపేసి ఉంచుతారు. నెట్ శుభ్రంగా ఉన్నా జవాబు రాదు. పోనీ, గూగుల్ నుంచి జవాబు వచ్చిందే అనుకుందాం. నెల్లూరు ఆఫీసులో కరెంటు పోయి మీ సర్వర్ పడుకుని ఉంటే ఆ జవాబుతో మీకేం లాభం? మీకు కావలసింది మీ సర్వర్ ఒక్కటే.

విండోస్ ఈ పని ఎలా చేస్తుందో చూడండి. విండోస్ 10 మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెప్పించుకుని, అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అన్న మాటలు ఉన్నాయో లేదో చూస్తుంది. ఫైల్ వస్తే చాలదా, లోపలి మాటలెందుకు అంటారా? రైల్వే స్టేషన్ వైఫైకి కలిసినప్పుడు, ఏ పేజీ అడిగినా ముందు ఫోన్ నంబరు అడిగే పేజీ వస్తుంది. జవాబైతే వచ్చింది, అది మీరు అడిగిన చోటు నుంచి వచ్చింది కాదు. అందుకే మీ సర్వర్ ఏం పంపాలో ముందే నిర్ణయించుకుని, అదే వచ్చిందా అని సరిచూసుకోవాలి.

అయినా నా ఉద్దేశంలో బిల్లు పంపే ముందు ఈ పరీక్షే అక్కర్లేదు. నెట్ ఉందని తేలిన మరుక్షణమే పోవచ్చు, రామతీర్థం వైపు సిగ్నల్ సంగతి మీకు చెప్పాలా! కాటా వేయగానే బిల్లుని ల్యాప్‌టాప్‌లోనే, ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్‌లో భద్రం చేయండి. రైతు చీటీ అక్కడికక్కడే ప్రింట్ ఇచ్చేయండి. పంపే పని వెనకాల వేరుగా జరగనివ్వండి. పంపగలిగితే నెట్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కుదరకపోతే 5 సెకన్లు ఆగి మళ్లీ, తర్వాత 10, 20, 40, ఇలా కొన్ని నిమిషాల దాకా పెంచుకుంటూ పోండి. టైమ్ అవుట్, అంటే జవాబు కోసం ఎంతసేపు చూడాలన్న గడువు, మాత్రం మీరే పెట్టాలి. సి షార్ప్‌లో సర్వర్‌కి పంపే పని చేసే హెచ్‌టీటీపీ క్లయింట్ తనంతట తానైతే 100 సెకన్లు ఎదురుచూస్తుంది. మీకు 10, 15 సెకన్లు సరిపోతాయి.

ఇక రెండుసార్లు పడే బిల్లు. దీన్ని మాత్రం వెంటనే సరిచేయాలి, ఎందుకంటే ఇది రైతు డబ్బు, వ్యాపారి లెక్క. జరుగుతున్నది బహుశా ఇది: 50 కౌంట్ వనామీ, 620 కిలోల బిల్లు నెల్లూరు చేరింది, సర్వర్ రాసుకుంది, ‘అందింది’ అన్న జవాబు తిరిగొచ్చేలోపు సిగ్నల్ పోయింది. ల్యాప్‌టాప్‌కి అది పోలేదనే లెక్క, మళ్లీ పంపింది. ఎంత గొప్పగా నెట్ పరీక్ష చేసినా ఇది ఆగదు. దీనికి మందు బిల్లు నంబరులో ఉంది. భద్రం చేసే క్షణంలోనే ప్రతి బిల్లుకీ ఒక జీయూఐడీ (మరెక్కడా మళ్లీ రాని పొడవాటి నంబరు) తగిలించండి, ఎన్నిసార్లు పంపినా అదే నంబరు పోవాలి. సర్వర్ డేటాబేస్‌లో ఆ కాలమ్‌ని యునీక్ చేయండి, అంటే ఒకే నంబరు రెండోసారి పడకుండా. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ ఎర్రర్ ఇవ్వకుండా, కొత్తగా రాసుకోకుండా, ‘అందింది’ అని జవాబిస్తే చాలు. బిల్లు టైము కూడా కాటా వేసినప్పటిదే పంపండి, సర్వర్‌కి చేరినప్పటిది వద్దు.

మీ ఫంక్షన్‌ని పూర్తిగా పారేయనక్కర్లేదు. అది ‘ఫాల్స్’ అంటే నమ్మొచ్చు, అప్పుడు పంపే ప్రయత్నం కాసేపు ఆపండి. ‘నెట్‌వర్క్ అవైలబిలిటీ ఛేంజ్డ్’ అనే ఈవెంట్ ఒకటుంది, అది రాగానే ఒకసారి పంపి చూడండి. స్క్రీన్ మీద ‘నెట్ లేదు’ అని ఎర్రగా రాసి కాటా దగ్గరి కుర్రాణ్ణి కంగారు పెట్టకండి. ‘3 బిల్లులు పంపాల్సి ఉంది’ అని రాస్తే అతని పని అతను చేసుకుంటాడు.

గట్టు మీదకి తీసుకెళ్లే ముందు ఇంట్లోనే పరీక్షించండి. సర్వర్ కోడ్‌లో బిల్లు రాసుకున్నాక, జవాబిచ్చే ముందు 30 సెకన్ల ఆలస్యం పెట్టండి. ఆ మధ్యలో ఫోన్‌లో డేటా ఆపేయండి. కాసేపటికి మళ్లీ ఆన్ చేసి, ఆఫీసు లెక్కలో ఆ బిల్లు ఒక్కటే ఉందో లేదో చూడండి.