ఫ్యాషన్ ఫొటోలలో ఆసియా పురుషులు తక్కువగా ఎందుకు కనిపిస్తారు?

విశాఖ జగదాంబ కూడలిలోని హోర్డింగుల మీద కూడా చామనచాయ మగవారు అరుదెందుకని ఒకరు అడిగారు. అంతర్జాతీయ ఫ్యాషన్ రంగంలోనే ఆసియా పురుషులకు చోటు ఆలస్యంగా దక్కింది. తైవాన్‌లో పుట్టిన గాడ్‌ఫ్రే గావ్ ఫ్రాన్స్ ఫ్యాషన్ సంస్థ లూయీ విట్టన్‌కు తొలి ఆసియా పురుష మోడల్ అయినది 2011లో. ఆ తరువాతి అవకాశాలు కూడా ఎక్కువగా తూర్పు ఆసియా ముఖాలకే వెళ్లాయని నా అభిప్రాయం. సాంకేతిక కారణమూ కొంత ఉంది: ప్రింట్లలో రంగులు సరిచూసుకొనేందుకు ఫిల్ము సంస్థ కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డులనే నమూనా ఫొటోలపై దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీలే ఉండేవారు; అందుకే ముదురు చాయ ముఖాలు ప్రింట్లలో సరిగా వచ్చేవి కావు. డిజిటల్ కెమెరాలు వచ్చాక ఆ సాకు చెల్లదు. మన దగ్గర మాత్రం, 2005లో మగవారికంటూ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ క్రీము వచ్చిన మార్కెట్‌లో, ప్రకటనదారులు తెల్లని ముఖాన్నే కోరుతారు. చామనచాయ మోడల్‌ను తీసుకున్నా ఎడిటింగులో తెల్లబరచడం మామూలే.