ఇంత పెద్ద రష్యాకు పొరుగు దేశాల మీద పట్టు దేనికి?

హనుమకొండలో గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడొకరు అడిగిన ప్రశ్న ఇది.

ఖిలా వరంగల్ చూసినవాళ్లకు సగం జవాబు తెలిసినట్టే. కాకతీయులు రాతికోటతో ఆగలేదు. చుట్టూ కందకం, దాని అవతల మట్టికోట కట్టారు. శత్రువును దూరంగానే ఆపాలన్నది లెక్క. రష్యాకు పడమటి దిక్కున అలాంటి అడ్డు లేదు. జర్మనీ నుంచి మాస్కో దాకా దాదాపు ఒకటే మైదానం. 1812లో నెపోలియన్, 1941లో హిట్లర్ సైన్యాలు ఆ దారినే వచ్చాయి. అందుకే మాస్కోలో గద్దె మీద ఎవరున్నా మధ్యలోని దేశాలను తమ మట్టికోటగా చూస్తూ వచ్చారు.

సముద్రం గోస ఇంకా ఎక్కువ. ఉత్తర తీరం చాలావరకు చలికాలంలో గడ్డకడుతుంది. గడ్డకట్టని సెవాస్తోపోల్ రేవు నల్లసముద్రం ఒడ్డున, ఉక్రెయిన్‌లో భాగమైన క్రిమియాలో ఉంది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించడానికి అదొక పెద్ద కారణం. అక్కడి నుంచి మధ్యధరాకు పోవాలన్నా ఇస్తాంబుల్‌ను ఆనుకొని ఉన్న బోస్ఫరస్ జలసంధి దాటాల్సిందే. 1936 నాటి మాంట్రో ఒప్పందం ఆ తాళంచెవిని టర్కీకి ఇచ్చింది. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం మొదలవగానే టర్కీ ఆ అధికారం వాడి, సొంత రేవుకు తిరిగి వెళ్లేవి తప్ప రెండు దేశాల యుద్ధనౌకలనూ ఆపేసింది. టర్కీ అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో ఉన్నా రష్యా దానితో తెగేదాకా లాగకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

అయితే ఉక్రెయిన్‌పై దాడిని భూగోళం పేరు చెప్పి సమర్థిస్తే నేను ఒప్పుకోను. రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ 2023లో నాటోలో చేరింది. రష్యా దాని మీదికి సైన్యాన్ని పంపలేదు.