టెక్ సందేహాలు: పగలు తెలుగు టైపింగ్, రాత్రి గేమింగ్... ఒకే కీబోర్డు సరిపోతుందా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నేను ఇంటి నుంచే తెలుగు అనువాదాలు చేస్తాను. రోజుకు ఏడెనిమిది గంటలు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) పద్ధతిలో టైప్ చేయాల్సి ఉంటుంది. ఇంటర్ చదివే మా అబ్బాయి రాత్రిపూట అదే కంప్యూటర్‌లో కౌంటర్-స్ట్రైక్ 2 ఆడతాడు. ఐదారు వేలలో ఇద్దరికీ పనికొచ్చే మెకానికల్ కీబోర్డు (ప్రతి కీ కింద విడిగా స్ప్రింగు స్విచ్ ఉండేది) కొనాలనుకుంటున్నాం. రెడ్, బ్రౌన్, బ్లూ అని స్విచ్‌లలో రకాలు చెబుతున్నారు. మా అత్తగారు కంప్యూటర్ ఉన్న హాల్లోనే పడుకుంటారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: బ్రౌన్ స్విచ్‌లు ఉన్నదీ, ఆ స్విచ్‌లను టంకం పని లేకుండా ఊడదీసి మార్చుకునే హాట్‌స్వాప్ సౌకర్యం ఉన్నదీ అయిన 87 కీల వైర్డ్ కీబోర్డు తీసుకోండి. మీ బడ్జెట్‌లో ఇలాంటివి దొరుకుతాయి.

ఈ రంగుల పేర్లు జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎంఎక్స్ స్విచ్‌ల నుంచి వచ్చాయి. ఇప్పుడు ఇతర తయారీదారులూ ఇంచుమించు అవే రంగులు వాడుతున్నారు. చెర్రీ లెక్క ప్రకారం రెడ్ స్విచ్ 45 సెంటీన్యూటన్ల ఒత్తిడికి పనిచేస్తుంది. అంటే ఆరు పది రూపాయల నాణేలను పేర్చి కీ మీద పెడితే పడేంత బరువు. ఇది ఎక్కడా అడ్డు తగలకుండా నున్నగా దిగిపోతుంది. బ్రౌన్‌కు 55 సెంటీన్యూటన్లు కావాలి, దిగే దారిలో వేలికి చిన్న గతుకు తగులుతుంది. బ్లూకు 60 కావాలి, గతుకుతో పాటు టిక్కుమనే శబ్దం కూడా వస్తుంది. మీ అత్తగారు ఆ హాల్లోనే నిద్రపోతారు కాబట్టి బ్లూ మాట మరచిపోండి.

రెడ్ కాదని బ్రౌన్ ఎందుకు చెబుతున్నానంటే, దానికి కారణం తెలుగు టైపింగ్‌లోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘స్త్రీ’ అని కొట్టడానికి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ అనే ఆరు కీలు వరుసగా నొక్కాలి. హల్లులు చాలావరకు కుడిచేతి వైపు, గుణింతాలూ పొల్లూ ఎడమచేతి వైపు ఉండటం వల్ల ఈ ఆరు నొక్కులూ కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ తూకం తప్పకుండా సాగుతాయి. కానీ ఆ వేగంలో మొదటి డి సరిగా పడకపోతే తెర మీద ‘సత్రీ’ అని వస్తుంది. ఒత్తులు ఇన్ని ఉన్న భాషలో పొల్లు పడిందో లేదో కంటి కంటే ముందు వేలికే తెలియడం పెద్ద సౌలభ్యం, గతుకు వల్ల కలిగే మేలు అదే. పైగా మెకానికల్ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్ల ప్రయాణంలో సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరాన్ని నమోదు చేస్తుంది కాబట్టి, మామూలు రబ్బరు కీబోర్డు మీద అలవాటైనట్టు అడుగు తాకేదాకా నొక్కనక్కరలేదు. ఈ అలవాటు మారడానికి కొన్ని రోజులు పడుతుంది, ఓపిక పట్టండి. ఎనిమిది గంటలు పనిచేసే వేళ్లకు ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

మీ అబ్బాయికి కూడా డి కీతోనే పని, ఎందుకంటే ఆటలో కుడివైపు కదలడానికి అదే నొక్కాలి. అతను బహుశా రెడ్ అడుగుతాడు, లేదా అయస్కాంత స్విచ్‌ల కీబోర్డు కావాలంటాడు. అయస్కాంత రకంలో కీ ఎంత లోతుకు దిగితే పనిచేయాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే నిర్ణయించుకోవచ్చు, వేలు కాస్త లేవగానే కీ వదిలినట్టు లెక్కించే రాపిడ్ ట్రిగ్గర్ కూడా ఉంటుంది. ఆటకు నిజంగానే మేలు చేసే సదుపాయమది. అయితే ఆటకోసం లోతును బాగా తగ్గించి ఉంచితే, మర్నాడు ఉదయం మీరు వేళ్లు ఆనించినా అక్షరాలు పడిపోతాయి. ఎడమ, కుడి కీలు రెండూ ఒకేసారి పడితే చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకునే సదుపాయం కోసమే అయితే ఆ ఖర్చు అసలు వద్దు. దాన్ని ఆ ఆట తయారుచేసిన వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. బ్రౌన్ గతుకు వల్ల ఆటకు నష్టమేమీ ఉండదు, ఎక్కువ గంటలు కూర్చునేది మీరు గనుక మీ చేతికి నప్పిందే కొనాలి. బ్రౌన్ టిక్కుమనకపోయినా ఆట ఊపులో కీలను అడుగుదాకా కొడితే చప్పుడు వస్తుంది. అది ఇబ్బంది అనిపిస్తే తర్వాత సైలెంట్ స్విచ్‌లు మాత్రం కొని మార్చుకోవచ్చు. హాట్‌స్వాప్ తీసుకోమన్నది అందుకే.

నంబర్ ప్యాడ్ లేని 87 కీల రకంలో మౌస్‌కు చోటు దొరుకుతుంది. పాత ఫాంట్లలో ఆల్ట్ పట్టుకుని అంకెలు కొట్టే అలవాటు మీకుంటే మాత్రం 104 కీలదే కొనండి.

వీలైతే సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి చేత్తో చూసి కొనండి. కీబోర్డును దేనికీ కలపకపోయినా ఫరవాలేదు, ‘స్త్రీ’, ‘వస్త్రం’, ‘రాష్ట్రం’ అని పదేసి సార్లు కొట్టి చూడండి. తర్వాత స్పేస్ బార్‌ను మధ్యలో కాకుండా రెండు చివర్లా నొక్కండి. గలగలమని వదులుగా మోగితే, లైట్లు ఎంత బాగున్నా దాన్ని పక్కన పెట్టండి.

ప్రశ్న: కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటాను. బ్లూ స్విచ్‌ల కీబోర్డు కొన్నాను, గదిలో వాళ్లు శబ్దం భరించలేకపోతున్నారు. కీల కింద రబ్బరు రింగులు వేస్తే తగ్గుతుందా?

జవాబు: కీ అడుగుకు తగిలే చప్పుడు తగ్గుతుంది కానీ టిక్కుమనే శబ్దం తగ్గదు. అది స్విచ్ లోపలి చిన్న ప్లాస్టిక్ భాగం కదలడం వల్ల పుడుతుంది, రింగు అక్కడిదాకా చేరదు. మీది హాట్‌స్వాప్ అయితే సైలెంట్ స్విచ్‌లు కొని మార్చడమే దారి. టంకం వేసినదైతే అన్ని స్విచ్‌లనూ కరిగించి తీయించాలి, దాని బదులు అమ్మేసి వేరేది కొనడం మంచిది. మార్చేటప్పుడు ప్రతి స్విచ్ కింది రెండు లోహపు పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి పెట్టండి, వంగిన పిన్నును బలవంతంగా నొక్కితే సాకెట్ పాడవుతుంది. మీ బోర్డు మూడు పిన్నులదై (రెండు లోహపువి, మధ్యలో ఒక ప్లాస్టిక్ కాడ), కొన్న స్విచ్‌లు ఐదు పిన్నులవైతే తిరిగి ఇచ్చేయనక్కరలేదు. మధ్య కాడకు అటూ ఇటూ అదనంగా ఉన్న రెండు కాళ్లూ ప్లాస్టిక్‌వే కాబట్టి వాటిని నెయిల్ కట్టర్‌తో కత్తిరిస్తే స్విచ్ సరిగ్గా కూర్చుంటుంది.