తుప్పు పట్టిన పాత పటర్‌ని ఇంట్లోనే కొత్తదానిలా చేసుకోవచ్చా?

అటక మీద పాత గోల్ఫ్ పటర్ (బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే కర్ర) ఒకటి దొరికిందని, తుప్పు వదిలించి తళతళలాడేలా ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. కాకపోతే ఆ "తళతళ" అన్న మాట వింటేనే నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఇప్పటిదాకా నా చేతుల్లో పడ్డ పటర్లు ఓ ఇరవై ఉంటాయి. వాటిలో తుప్పు తినేసినవాటి కన్నా నేను నాశనం చేసినవే ఎక్కువ.

ముందు ఒక అయస్కాంతం తెచ్చి హెడ్‌కి, అంటే కర్ర కింది చివర ఉండే లోహపు ముక్కకి, ఆనించి చూడండి. అంటుకోకపోతే అది ఇత్తడో, బ్రాంజో, ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలో అయి ఉంటుంది. అలాంటిదైతే సబ్బునీళ్ళు, పాత టూత్ బ్రష్, మెత్తటి గుడ్డ. అంతే, ఇంకేమీ వద్దు. పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1966లో తెచ్చిన పింగ్ ఆన్సర్ పటర్ మాంగనీస్ బ్రాంజ్‌తో చేసిందే. దానికి "ఆన్సర్" అని పేరు పెట్టమన్నది ఆయన భార్య లూయిస్. అంత పేరు హెడ్ మీద పట్టదంటే, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో డబ్ల్యూ తీసేయమన్నదీ ఆవిడే. అలా కొలిచి కొలిచి వేసిన అక్షరాలని బఫింగ్ వీల్ కింద పెట్టి అరనిమిషంలో నున్నగా అరగదీసే మహానుభావులు ఉన్నారు. ఒకసారి నేను కూడా ఆ జాబితాలో చేరాను, వివరాలు అడక్కండి.

అయస్కాంతం అంటుకుని, ఎర్రటి తుప్పు కూడా ఉంటే బహుశా కార్బన్ స్టీల్. అసలు కథ ఇక్కడే.

మా మామయ్య దగ్గర ఒక కార్బన్ స్టీల్ పటర్ ఉండేది. తడిసిన హెడ్‌కవర్ అలాగే తొడిగి బ్యాగులో పడేసేవాడు. (ఈ హెడ్‌కవర్లు కనిపెట్టింది పటర్‌ని కాపాడటానికో, ఉడకబెట్టడానికో నాకు ఇప్పటికీ తెలీదు.) ఫేస్ (బంతికి తగిలే ముఖం) అంచున, సోల్ (హెడ్ అడుగు) మీద తుప్పు పొరలు లేచాయి. "ఒరేయ్, నువ్వేదో బాగుచేస్తావట కదా, దీని సంగతి చూడు" అని నా ముందు పడేశాడు.

కొన్ని గంటలు వెనిగర్‌లో నానబెట్టాను. తుప్పు బురదలా ఊడి వచ్చింది. వంట సోడా నీళ్ళతో కడిగి, అప్పటికప్పుడే తుడిచి ఆరబెట్టాను. ఇక్కడ పది నిమిషాలు బద్ధకించినా మళ్ళీ కొత్త తుప్పు వస్తుంది. తరవాత 400, 600 నంబర్ వాటర్ పేపర్‌తో, ఒకే దిశలో, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. హెడ్ బూడిద రంగులో, పట్టులాగా వచ్చింది. అసిటోన్‌తో జిడ్డు తుడిచి, కోల్డ్ బ్లూ (వేడి చేయకుండానే స్టీల్‌ని నల్లబరిచే ద్రావకం) పట్టించడానికి సీసా మూత తీస్తున్నాను. ఈలోగా మామయ్య వచ్చి "అబ్బ, భలే వచ్చిందిరా" అంటూ ఫేస్ మీద బొటనవేలితో ఒక్కసారి నిమిరాడు.

చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. పెద్దాయన, ముచ్చట పడుతున్నాడు, ఒక్క వేలికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ద్రావకం పట్టించగానే స్టీల్ నల్లబడటం మొదలైంది. అంచుల నుంచి లోపలికి, నీలం కలిసిన నలుపు. సరిగ్గా బంతి తగిలే చోట మాత్రం తెల్లగా మిగిలింది. దగ్గరికి తీసి చూస్తే బొటనవేలి ముద్ర! సుడులతో సహా, గీత గీత లెక్కపెట్టుకోవచ్చు. చేతి జిడ్డు ఉన్నచోట ద్రావకం పట్టదు మరి. మామయ్య కళ్ళజోడు సవరించుకుని, "సంతకం రానివాడిలా నాచేత వేలిముద్ర వేయించావేంట్రా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మళ్ళీ మొదటికి. 400 నంబర్ పేపర్, అసిటోన్, ఈసారి చేతులకి గ్లవ్స్, గది తలుపు గడియ. హెడ్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి పట్టిస్తే రంగు సమంగా వచ్చింది. నీళ్ళతో కడిగి, నూనె రాసి రాత్రంతా వదిలేశాను. ఆ నలుపు తుప్పుని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపేది నూనె. ఆడినప్పుడల్లా తుడిచి, ఒక చుక్క నూనె రాయనివాడికి కార్బన్ స్టీల్ పటర్ ఉండకూడదని నా అభిప్రాయం. ఇంకోమాట, ఆ ద్రావకంలో ఆమ్లం, సెలీనియం ఉంటాయి. కిటికీ తెరిచి చేయండి.

వీడియోల్లో టార్చ్ పెట్టి కాల్చి నీలం, ఊదా రంగులు తెప్పిస్తుంటారు చూడండి, వాళ్ళ జోలికి పోకండి. హోసెల్ (హెడ్‌కి కర్ర అతికే చోటు) దగ్గర వేడి తగిలితే లోపలి ఎపాక్సీ జిగురు మెత్తబడి షాఫ్ట్, అంటే కర్ర, కదులుతుంది. ఆ ముక్క మాత్రం వీడియోలో ఉండదు.

నన్నడిగితే రంగు కన్నా గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి తొడుగు) ముఖ్యం. పాత గ్రిప్ రాయిలా గట్టిపడి ఉంటుంది, కోసి పారేయండి. కొత్తది ఎక్కించేటప్పుడు దాని చదును భాగం ఫేస్‌కి సరిగ్గా లంబంగా ఉండాలి. మామయ్య పటర్‌కి నేను వేసిన గ్రిప్ వెంట్రుకవాసి తిరిగి ఉందని నెల తరవాత తెలిసింది. ఆ నెలంతా బంతి ఎడమకే పోతుంటే ఆయన తన మోకాళ్ళని తిట్టుకున్నాడు. నేను విన్నాను, ఊరుకున్నాను.

బరువు సంగతి కూడా చూసుకోండి. పాత హెడ్‌లు చాలావరకు ఇప్పటివాటికన్నా తేలిక. ఇప్పుడు 350 గ్రాములు మామూలైపోయింది. ఎమరీతో అరగదీస్తూ పోతే ఉన్న బరువూ పోతుంది. తేలికగా అనిపిస్తే సోల్ మీద సీసపు టేప్ కొంచెం అంటించండి.

మీ అయస్కాంతం ఏమందో చెప్పండి. క్రోమ్ పూత పొట్టులా లేచిన పటర్ అయితే మాత్రం ఇంట్లో ఆమ్లాలతో ఆ పూత తీసే ప్రయత్నం చేయకండి, పొగలు ప్రమాదం. దాన్ని ప్లేటింగ్ చేసేవాళ్ళకి ఇచ్చేయండి, లేదా అలాగే ఆడండి. బంతికి క్రోమ్ కనిపించదు.