లోహ విహంగాన్ని పక్కన పెట్టి రెక్క సంగతి రాయి

తమ్ముడూ,

కొడుకుతో కలిసి మొదటిసారి విమానం ఎక్కిన తల్లి మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా, రెండోసారి ఆ తల్లి కోసం. మెయిల్ చివర నువ్వు అడిగినవాటన్నిటికీ ఇందులో జవాబులుండవు, ముందే చెప్తున్నా. కలం పేరు పెట్టుకోవాలా, పోటీకి పంపాలా, పుస్తకం ఎప్పుడు వేసుకోవాలి, ఇవన్నీ కథ కుదిరాక మాట్లాడుకునే సంగతులు.

కోపం దేనికో చెప్తాను. రెండో పేజీలో ‘పైలట్ రడ్డర్‌ని బలంగా లాగాడు, లోహ విహంగం నింగికెగసింది’ అని రాశావు. రడ్డర్‌ని లాగితే ఏ విమానమూ లేవదు. తోక మీద నిలువుగా నిలబడి, కంపెనీ వాళ్ళు తమ గుర్తు వేసుకునే భాగం ఉంటుంది చూడు, దాని వెనక అంచుకి కీళ్ళతో బిగించిన పలక అది. పైలట్ దాన్ని కాళ్ళతో, పెడల్స్ తొక్కి కదుపుతాడు. అది ముక్కుని ఎడమకో కుడికో తిప్పుతుంది. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆగిపోతే విమానం ఆ వైపుకి తిరిగిపోతుంది, అప్పుడు రడ్డర్ తొక్కి పట్టుకోవాలి, దాని అసలు పని అక్కడ తెలుస్తుంది. ముక్కు పైకి లేవాలంటే తోకలో అడ్డంగా ఉండే చిన్న రెక్కల వెనక అంచులు కదలాలి. ఎలివేటర్లంటారు. అవి పైకి తిరిగితే గాలి తోకని కిందికి నొక్కుతుంది, తోక దిగితే ముక్కు లేస్తుంది. పైగా నీ కథలోది ఎయిర్‌బస్ ఏ320 అని నువ్వే రాశావు. అందులో పైలట్ ముందు లాగడానికి ఏమీ ఉండదు, పక్కన సైడ్‌స్టిక్ అని చిన్న పిడి ఉంటుంది, ఒక్క చేత్తో కాస్త వెనక్కి వంచితే చాలు. కాబట్టి ‘బలంగా’ కూడా పోయింది.

ఇంకోటి. ఎక్కేటప్పుడు ప్రొపెల్లర్ తిరుగుతోంది అన్నావు, తర్వాత అమ్మ కిటికీలోంచి కిందికి, రెక్క వైపు చూస్తోంది. ఇవి రెండు వేరు వేరు విమానాలు. ప్రొపెల్లర్లున్నది ఏటీఆర్ అనే చిన్న విమానం, దానికి రెక్క కిటికీల పైన ఉంటుంది, వెనక తలుపులోంచి ఎక్కుతారు, సామాన్లు ముందు పెడతారు. ఏ320 రెక్క కిటికీల కింద ఉంటుంది. ఎవరు పట్టించుకుంటారు సార్ అంటావేమో. నేను పట్టించుకుంటాను. ఏటీఆర్ ఎక్కిన వాళ్ళందరూ పట్టించుకుంటారు, నీకు చెప్పరు, కథ మూసేస్తారు.

‘లోహ విహంగం’ మీద నాకు పాత పగ ఉంది. విమానం గురించి రాసే ప్రతివాడూ ఆ మాట ఒకసారి వాడి, వర్ణన అయిపోయిందనుకుని మబ్బుల్లోకి పోతాడు. నిజానికి మనిషి పక్షిని వదిలేసినప్పుడే విమానం దారిలో పడింది. పక్షి ఒకే రెక్కతో రెండు పనులు చేస్తుంది, తనని పైకి మోసుకుంటుంది, ముందుకీ తోసుకుంటుంది. అదే చేయబోయి చేతులకి రెక్కలు కట్టుకున్నవాళ్ళు ఎంతమంది కిందపడ్డారో. ఇంగ్లండ్‌లో జార్జ్ కేలీ అనే ఆయన 1799లో ఒక వెండి బిళ్ళ మీద బొమ్మ చెక్కాడు. అందులో రెక్క ఆడదు, దాని పని మోయడమే. ముందుకి తోయడానికి వేరే ఏర్పాటు. వెనక తోక, నిలకడకీ దారి మార్చుకోవడానికీ. ఇవాళ శంషాబాద్‌లో దిగే విమానాల్లో కూడా పని ఇలాగే పంచి ఉంటుంది. రెక్కలు మోస్తాయి, ఇంజిన్లు తోస్తాయి, తోక నిలబెడుతుంది, మధ్యలో ఫ్యూజ్‌లేజ్ అనే పెద్ద గొట్టం మనుషుల్నీ సామాన్లనీ పట్టుకుంటుంది. ఇంధనం చాలామటుకు రెక్కల్లోనే పోస్తారు. గాలి రెక్కని పైకి వంచుతూ ఉంటే ఆ బరువు కిందికి లాగి రెక్క మొదలు మీద భారం తగ్గిస్తుంది. ఒక్క భాగం కూడా అందం కోసం లేదక్కడ.

రైట్ సోదరులు పక్షుల్ని చూసే కదా నేర్చుకున్నారు అని నువ్వు అడ్డం తిరగొచ్చు. చూశారు. అవి రెక్కల కొసలు మెలితిప్పి తూకం నిలబెట్టుకోవడం చూశారు. అంటే పక్షి ఏం చేస్తోందో చూశారు. తమ గ్లైడర్ రెక్కల్ని కూడా తీగలతో మెలితిప్పితే అది పక్కకి ఒరిగింది, కానీ పైకి లేచిన రెక్క గాలికి ఎక్కువ అడ్డుపడి వెనక్కి లాగడంతో ముక్కు అవతలి వైపు తిరగబోయింది. అందుకే 1902లో, అప్పటిదాకా కదలకుండా ఉన్న వెనక తోకని కదిలేలా చేశారు. నీ పైలట్ ‘లాగిన’ రడ్డర్ వెనక ఇంత కథ ఉంది. తర్వాతి ఏడాది డిసెంబర్ 17న కిట్టీహాక్ దగ్గర వాళ్ళ విమానం మొదటిసారి లేచి 12 సెకన్లు, 120 అడుగులు వెళ్ళింది. తర్వాత్తర్వాత రెక్క మొత్తం మెలితిప్పడం మానేసి కొసల దగ్గర కదిలే పలకలు పెట్టారు, ఐలరాన్లు. ఒకటి పైకి, ఇంకోటి కిందికి. విమానం ఒరిగేది వాటితోనే, మలుపు తిరిగేది ఆ ఒరగడంతోనే.

ఇప్పుడు ఆ తల్లి. దిగేముందు కిటికీలోంచి చూసి ‘రెక్క ఊడిపోతందిరా నానా’ అంటుంది. కథ మొత్తంలో బావున్నది ఆ ఒక్క మాట, దాన్ని కదపకు. కొడుకు ఫోన్లోంచి తల ఎత్తకుండా ‘ఏం కాదమ్మా’ అంటాడు. వెంటనే నువ్వు చిన్నప్పటి కాగితం రాకెట్లలోకి పారిపోయావు. అక్కడే నాకు కళ్ళు మండాయి. కథ అంతా ఆ కిటికీ దగ్గర ఉంటే నువ్వు రాకెట్లు ఏరుకోవడానికి పోయావు!

ఆవిడ చూసిందేమిటో నీకు తెలుసా? పైన గంటకి 800 కిలోమీటర్లు దాటి పోయే విమానం దిగేటప్పుడు దాదాపు 250కి రావాలి. అంత మెల్లగా పోతే మామూలు రెక్క ఆ బరువుని మోయలేదు. అందుకని రెక్క వెనక అంచు విడిపోయి వెనక్కి జరుగుతూ కిందికి వాలుతుంది, అవి ఫ్లాపులు. ముందు అంచు కూడా జరుగుతుంది, అవి స్లాట్లు. రెక్క పెద్దదై, వంపు పెరిగి, తక్కువ వేగంలోనూ మోస్తుంది. మోటారు మూలిగే శబ్దం వస్తుంది, సీటు కింద అదురు తెలుస్తుంది. మొదటిసారి ఎక్కిన మనిషికి అది విరగడమే. చక్రాలు నేలకి తగిలాక ఇంకా దారుణం. ఒక్కో రెక్క మీద అయిదు పలకలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. స్పాయిలర్లు. అప్పటిదాకా మోసిన రెక్కని ఇక మోయకుండా చేయడం వాటి పని. మోత తగ్గితేనే బరువు చక్రాల మీద పడుతుంది, బరువు పడితేనే బ్రేకులు పట్టుకుంటాయి. అదే సమయంలో ఇంజిన్ తొడుగు తెరుచుకుని గాలిని ముందుకి మళ్ళిస్తుంది, ఆ హోరు అదీ.

మొదటి పేజీలో హుద్‌హుద్ గురించి రాశావు. 2014 అక్టోబర్ 12. ఆవిడ వంటింటి రేకులు లేచిపోయిన రోజు. విశాఖ ఎయిర్‌పోర్టు కప్పే ఆ గాలికి తట్టుకోలేకపోయింది. ఆ తుపాను నీ కథలోకి వచ్చి ఊరికే వెళ్ళిపోయింది, మళ్ళీ దాని ఊసు లేదు. రేకు ఎందుకు లేచింది తమ్ముడూ? గాలి కప్పు మీంచి దూసుకుపోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి కిందనుంచి తోస్తుంది, మేకులు ఊడతాయి. విమానాన్ని మోసేది కూడా పైకీ కిందికీ ఉండే ఈ తేడాయే. రెక్క తన మీంచి పోయే గాలిని కిందికి మళ్ళిస్తుంది, పైన ఒత్తిడి తగ్గుతుంది, కింద ఎక్కువగా ఉంటుంది. అంటే ఆ వరసలో, రెక్క ఎలా మోస్తుందో ఒంటితో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. రేకులు లేవడం ఆవిడ చూసింది. మళ్ళీ రెక్క మీద పలకలు లేస్తుంటే ఆవిడకి ఏం గుర్తుకొస్తుంది?

కొడుకు ఒకచోట ఇంజనీరింగ్ పాఠం తలుచుకుంటాడు, రెక్క పైగాలీ కింద గాలీ చివర ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి పైగాలి తొందరపడుతుందని. అది తప్పు. కలుసుకోవాలన్న రూలేమీ లేదు, పైగాలి ముందే వెళ్ళిపోతుంది. చాలా పాఠాల్లో ఇప్పటికీ అదే తిరుగుతోంది. కానీ తీసేయకు! కొడుక్కి తప్పు పాఠం, తల్లికి సరైన భయం. ఇంతకన్నా ఏం కావాలి నీకు?

ఇదంతా రాస్తే టెక్నికల్ అయిపోతుందని భయం కదా. ఆ భయం పెట్టింది ఎడిటర్లే. నేను మొదట్లో బోరు మోటారు పైకి తీసే మనిషి మీద కథ రాశాను. ఒక్కో పైపుకీ క్లాంప్ బిగించి, చైన్ పుల్లీతో లాగి, విప్పి పక్కన పెట్టి, మళ్ళీ తర్వాతది పట్టుకోవడం. క్లాంప్ జారిందంటే మోటారు, పైపులు, రైతు అప్పు కలిసి బోరులోకి పోతాయి. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకున్న పేరా మాత్రం ఉంచి అచ్చేశాడు. ఫోన్ చేస్తే ‘మెకానిక్ షెడ్డు వ్యవహారం ఎవరు చదువుతారండీ, ఎమోషన్ కావాలి’ అన్నాడు. ఆ క్లాంప్ ఏమిటో తెలియకపోతే ఆవిడ ఎందుకు ఏడుస్తోందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఇప్పుడు వారపత్రికలు చాలామటుకు పోయాయి, ఆయన బుద్ధి మాత్రం మిగిలింది. పైన కాస్త నాస్టాల్జియా, చివర్లో ఒక ట్విస్టు, మధ్యలో మనుషులు ఏం పని చేస్తారో ఎవరికీ తెలియదు.

మా వీధిలో వైమానిక దళంలో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఉద్యోగం లేక, రాసింది తిరిగొచ్చి, ఇంట్లో ముఖం చూపించలేని రోజుల్లో సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఏ భాగం పేరైనా అడిగితే ‘అది లేకపోతే ఏమవుద్దో చెప్పు’ అనేవారు. విమానం ముందు భాగంలో బయటికి పొడుచుకొచ్చే సన్నటి గొట్టం ఉంటుంది, పిటాట్ ట్యూబ్. దాని తొడుగు తీయడం మర్చిపోయి లేస్తే పైలట్‌కి తన వేగమెంతో సరిగ్గా తెలియదు. అందుకే ఆ తొడుగుకి ఎర్ర పట్టీ వేలాడేది. కథ రాయడం నాకు వర్క్‌షాపుల్లో కంటే ఆ అరుగు మీదే ఎక్కువ వచ్చింది.

ఆయన ప్రశ్నకి ఇప్పటికీ నాకు గుర్తొచ్చే జవాబు 1989 జూలై 19న అమెరికాలో సూ సిటీ దగ్గర జరిగింది. యునైటెడ్ వాళ్ళ డీసీ-10, ఫ్లైట్ 232. తోకలో ఉన్న ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్ పగిలి, ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థల్నీ, అంటే ద్రవం ఒత్తిడితో ఆ పలకల్ని కదిలించే గొట్టాల్ని, కోసేశాయి. ఎలివేటర్లు, రడ్డర్, ఐలరాన్లు ఉన్నాయి, కానీ కదిలించే ఒత్తిడి లేదు. ప్రయాణికుడిగా కూర్చున్న ఒక ట్రైనింగ్ కెప్టెన్ లేచి వచ్చి, రెక్కల కింద మిగిలిన రెండు ఇంజిన్ల బలం పెంచి తగ్గించే థ్రాటిల్స్ పట్టుకున్నాడు. ఒక వైపు ఎక్కువ తోస్తే రెండో వైపుకి తిరిగింది, రెండూ పెంచితే ముక్కు లేచింది. తోక చేయాల్సిన పని ఇంజిన్లతో చేయించారు. 296 మందిలో 184 మంది బతికారు. ఇందులో నేను వాడిన విశేషణాలు ఎన్నో లెక్కపెట్టుకో.

నీ కొడుకు పాత్ర ఆదిభట్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అన్నావు. ఆ ఆదిభట్లలోనే బోయింగ్ 737లకి నిలువు తోకలూ, సీ-130జే రవాణా విమానాలకి తోక భాగాలూ తయారవుతాయి. వాడు రోజూ ఆ గేట్ల ముందునుంచి బండి మీద పోతుండవచ్చు. వాడితోపాటు అద్దెకుండే కుర్రాడు ఆ షెడ్డులో రివెట్లు కొడుతూ ఒక్కసారి కూడా విమానం ఎక్కకపోయి ఉండవచ్చు. అది ఇంకో కథ, దీంట్లో కలపకు.

ఇక పని. సీటు బెల్టు అనౌన్స్‌మెంట్ దగ్గర మొదలుపెట్టి, రన్‌వే వదిలి పక్కకి తిరిగేదాకా మాత్రమే రాయి. అమ్మని రెక్క కంటే వెనక వరసలో కిటికీ పక్కన కూర్చోబెట్టు, మధ్య వరసల్లో అయితే పలకలు సరిగ్గా కనపడవు. బయల్దేరేముందు నేల కిందనుంచి రంపం కోసినట్టు శబ్దం వస్తుంది ఏ320లో, ఒక హైడ్రాలిక్ వ్యవస్థ నుంచి ఇంకోదానికి బలం అందించే యూనిట్ అది. కావాలంటే ఒక్క వాక్యంలో వాడుకో, కొడుకు దాన్ని కూడా వినడు. రాకెట్లు తీసెయ్. కొడుకు ‘ఏం కాదమ్మా’ అన్నాక వాడికి కూడా సందేహం రావాలి, కానీ అడగడానికి నామోషీ. రన్‌వే దాటాక పలకలు మెల్లగా మూసుకుంటాయి, ఫ్లాపులు లోపలికి పోతాయి, అప్పుడు ఆవిడ ఏమంటుందో నువ్వే తేల్చుకో, నేను చెప్పను. దసరాలోపు పంపు. పీడీఎఫ్ వద్దు, ఫోన్లో అక్షరాలు కనపడి చావవు. అన్నట్టు, నువ్వు పంపినదాంట్లో ఆవిడ బెల్టు పెట్టుకున్నట్టు ఎక్కడా లేదు, పెట్టుకోకుండానే దిగింది. అది ఎవరు పెట్టారో కూడా రాయి.