ఆర్సీ ఫొటో అడగ్గానే పంపేస్తున్నారా?

సందేహం: మాది చిలకలూరిపేట. ఒక లారీ ఉంది. నాగపూర్‌లో మిర్చి దింపాక రిటర్న్ లోడ్ కోసం యాప్‌లో వెతికితే హైదరాబాద్‌కి ఒకటి కనిపించింది. ఫోన్ చేస్తే, కన్ఫర్మ్ చేయడానికి ఆర్సీ, లైసెన్స్, ఆధార్ ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమన్నారు. పెట్టాం. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే అడ్వాన్స్ పడుతుందన్నారు. అనుమానం వచ్చి ఆగిపోయాం. ఇప్పుడు ఆ నంబరు పనిచేయడం లేదు. డబ్బు పోలేదు కాబట్టి ఇబ్బంది లేనట్టేనా?

జవాబు: ఇబ్బంది ఉంది. క్యూఆర్ దగ్గర ఆగి మంచి పని చేశారు. మన ఖాతాలో డబ్బు పడటానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. నాకు టెన్షన్‌గా ఉన్నది మీరు పంపిన కాగితాల గురించే.

ఆ కాగితాలతో ఆ మోసగాడు ఇంకో ఊళ్లో సరుకు పంపేవాళ్లకు ఫోన్ చేసి, బండి రెడీగా ఉందంటాడు. వాళ్లు బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే అన్నీ సరిపోతాయి. డీజిల్ అడ్వాన్స్ అతని ఖాతాకు వెళుతుంది. ఇంకా తెగించినవాళ్లు మీ నంబరు ప్లేటునే వేరే లారీకి బిగించి సరుకెత్తుకుపోతారు. లారీ రసీదులోనూ, సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే ఈ-వే బిల్లులోనూ ఉండేది మీ బండి నంబరే. పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేదీ మీ ఇంటికే.

అందుకే ఇవాళే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. యాప్‌లోని లోడ్ వివరాలు, వాట్సాప్ సంభాషణ స్క్రీన్‌షాట్లు జత చేసి, ఫిర్యాదు నంబరు దాచుకోండి. డబ్బు కూడా పోయినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. బండి ఏ టోల్‌గేటును ఏ సమయంలో దాటిందో అందులో ఉంటుంది. ఆ రోజు లారీ ఎక్కడుందో చెప్పడానికి అది, అన్‌లోడింగ్ రసీదు పనికొస్తాయి. ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేయండి. ఇకపై ఆధార్ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. ఆర్సీ కాపీ మీద అడ్డంగా తేదీ, ‘నాగపూర్–హైదరాబాద్ లోడ్‌కి మాత్రమే’ అని రాసి ఫొటో తీయండి. అంతకంటే ముందు అవతలివాళ్ల జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్‌లో పేరు, చిరునామా సరిచూడండి. నిజమైన వ్యాపారి ఆ నంబరు చెప్పడానికి వెనకాడడు.

ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కిరాయి కోసం గంటల తరబడి బేరమాడే మనిషి, ముఖం కూడా చూడనివాడికి ఐదు నిమిషాల్లో కాగితాలన్నీ ఇచ్చేస్తున్నాడు. ఖాళీ బండితో తిరిగొస్తే డీజిలూ టోలూ నెత్తిన పడతాయన్న తొందర నాకు అర్థమవుతుంది. మోసగాళ్లు కనిపెట్టి కూర్చునేది కూడా ఆ తొందర కోసమే.

అయితే పెద్ద తప్పు యాప్‌లు తయారుచేసేవాళ్లదే. లారీ యజమాని ఆర్సీ, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ అప్‌లోడ్ చేయాలి. లోడ్ పెట్టేవాడికి మాత్రం చాలా యాప్‌లలో ఒక సిమ్, ఒక ఓటీపీ చాలు. ఫోన్ నంబరు సరిచూసి పచ్చ టిక్కు పెడితే, వ్యాపారాన్నే సరిచూశారని డ్రైవర్ నమ్ముతాడు. కాగితాలు యాప్‌లోనే చూపించి, లోడ్ ముగియగానే కనపడకుండా చేసే ఏర్పాటు కష్టమేమీ కాదు. అది లేకనే అందరూ వాట్సాప్‌కి పోతున్నారు.

సందేహం: లోడ్ యాప్ లొకేషన్‌తో పాటు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా అడుగుతోంది. ఇవ్వాలా?

జవాబు: సరుకు బండిలో ఉన్నంతసేపు లొకేషన్ అడగడం న్యాయమే. దింపాక ఆపేయండి. ఎస్సెమ్మెస్ అనుమతి మాత్రం ఇవ్వొద్దు, బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. ఆ యాప్ వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా (ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే ఫైలు) వచ్చి ఉంటే వెంటనే ఇంటర్నెట్ ఆపి, తీసేయండి. తర్వాత వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి.